రాత్రంటే ఎన్ని గంటలకు?

"లా చదువుతున్న మా తమ్ముడు హక్కుల సంఘం వాళ్లతో తిరుగుతున్నాడు. ఇలాంటి పిల్లల్ని తయారుచేసేది మంచి గురువా, సంఘమా?" అని అడిగారు. సంఘమే. గురువు ఒక్కడి వెనక తిరిగినవాళ్లు ఐదేళ్లు దాటి నిలబడటం నేను చూడలేదు.

2003లో హన్మకొండలో డిగ్రీ చదివేవాణ్ని. ఒక జిరాక్స్ షాపు మీది గదిలో ప్రతి ఆదివారం హక్కుల సంఘం వాళ్లం పదిమందిమి కూర్చునేవాళ్లం. లాయరు సార్, ఇద్దరు టీచర్లు, ఒక బ్యాంకు ఉద్యోగి, మిగతా అందరం కుర్రాళ్లమే. ఒకసారి, మోటారు దొంగతనం చేశాడన్న అనుమానంతో ఒక పిల్లవాణ్ని పోలీసులు పట్టుకెళ్లి కొట్టారని తెలిసి, నిజనిర్ధారణకు ఆ ఊరు వెళ్లాం. వాళ్లమ్మ ఏడుస్తూ చెప్పిందంతా రాసుకున్నాను. రిపోర్టు మొదటి పేజీలోనే 'పాశవికంగా', 'కిరాతకంగా' అని పెట్టాను. సార్ రెండూ కొట్టేసి, "రాత్రి తీసుకెళ్లారని రాశావు. రాత్రంటే ఎన్ని గంటలకు?" అన్నారు. నేను అడగలేదు. "రేపు పోయి కనుక్కొని రా."

ఒక్కణ్నే పోయాను. ఆ ఇంట్లో గడియారం లేదు. "పాలబండి రాకముందే బిడ్డా" అంది ఆమె. ఆ రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకున్నాను. బండి నాలుగున్నరకు వచ్చింది. రోజూ అదే టైమన్నాడు డ్రైవరు. పోలీసు కాగితాల్లో మాత్రం అరెస్టు పగలు 11 గంటలకు! మధ్యలో ఆరు గంటలకు పైగా ఆ పిల్లవాడు ఎక్కడున్నట్టు? అరెస్టు చేసేటప్పుడు పోలీసులు రాసే కాగితంలో, అంటే అరెస్టు మెమోలో, తేదీ, టైము ఉండాలని, ఇంటివాళ్లో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలని సుప్రీంకోర్టు 1996లోనే డి.కె.బసు కేసులో చెప్పింది. అది ఎందుకు చెప్పాల్సి వచ్చిందో నాకు ఆ అరుగు మీద అర్థమైంది.

ఇదంతా సార్ గొప్పతనమే కదా అనొచ్చు. తర్వాతి ఆదివారం జరిగింది కూడా వినండి. కరపత్రంలో తల్లీకొడుకుల పేర్లు వేయొద్దని టీచర్ అక్క ఒకామె పట్టుబట్టింది. "మనం బస్సెక్కి వచ్చేస్తాం సార్, వాళ్లు ఆ ఊళ్లోనే బతకాలి" అంది. సార్ గంటసేపు వాదించి, చివరికి ఒప్పుకున్నారు. సార్‌ను సరిదిద్దడానికి అక్కడ ఒక మనిషి ఉంది. ఇప్పుడు దెబ్బలు తిన్నవాడి ముఖాన్ని వాణ్ని అడగకుండానే వీడియో తీసి ఫోన్లలో తిప్పుతున్నారు. చూస్తే కడుపు మండిపోతుంది. వీళ్లకు ఏ అక్కా చెప్పలేదా?

1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ఆయన పిల్లల డాక్టరు. సంఘం అక్కడితో ఆగిపోలేదు. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పిన బాలగోపాల్ గారు అదే సంఘంలో ఏళ్ల తరబడి ఊరూరా తిరిగారు. తర్వాత అభిప్రాయభేదాలు వచ్చినప్పుడు కూడా ఇంట్లో కూర్చోలేదు, 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు. అంత మేధావికే ఒక సంఘం కావాల్సి వచ్చింది.

మీ తమ్ముణ్ని ఒక్కటే అడగండి, కిందటి నెల వాళ్ల సంఘం ఏయే ఊళ్లకు వెళ్లిందని. హాల్లో ఉపన్యాసాలు తప్ప ఇంకేమీ లేకపోతే వేరే సంఘం చూసుకోమనండి.