ప్రైమరీ స్కూల్లో పిల్లలతో వంటలు, మట్టిపని, తోటపని చేయించడం టైం వేస్ట్ కాదా?

కాదు. అస్సలు కాదు.

మీ పాపని చేర్పించిన చిన్న స్కూల్లో వారానికి ఒక పూట వంట, మట్టి బొమ్మలు, బయట తిరగడం అని పెట్టినారు, ఆ టైంలో రెండు ఎక్కాలు నేర్పొచ్చు కదా అని మీరు అడిగినారు. ఎక్కాల దగ్గర్నించే మొదలుపెడతాను.

నేను టీచర్ని. 14 ఏళ్ళుగా ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకి చెప్తా ఉన్నాను, అందులో ఎక్కువ కాలం చంద్రగిరి నుంచి పాకాల పోయే వైపు ఒక పల్లె బడిలోనే. ఇద్దరం టీచర్లం, 23 మంది పిల్లలు, రెండు గదులు, ఒక వరండా, వెనకాల కానుగ చెట్టు, దాని పక్కన 2 సెంట్ల ఖాళీ జాగా. ఇంతే మా ఆస్తి.

పోయిన ఏడు జూలైలో ఒక శనివారం పిల్లలతో రాగి సంగటి చేయిద్దాం అనుకున్నాం. పొయ్యి దగ్గర పని మొత్తం మా ఆయమ్మదే, అందులో ఎవరు చెప్పినా వినేది లేదు. పిల్లల పని పిండి జల్లించడం, నూకలు కడగడం, కొలిచి ఇవ్వడం, చివర్లో చెయ్యి తడి చేసుకుని ముద్దలు కట్టడం. బోర్డు మీద లెక్క రాసినాను, 1 గ్లాసు నూకలకి 2 గ్లాసుల రాగిపిండి, 6 గ్లాసుల నీళ్ళు. మాకు మూడింతలు కావాల. అంటే 3 నూకలు, 6 పిండి, 18 నీళ్ళు. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళు నోటితోనే చెప్పేసినారు, నాకు భలే సంతోషం అయింది. రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి నూకలు, పిండి, ఇంకో గుంపుకి నీళ్ళు అప్పజెప్పినాను.

ఎసరు తెర్లింది, నూకలు ఉడికినాయి, ఆయమ్మ పిండి కుప్పగా పోసి మూత పెట్టి రోంత సేపు ఆగి తెడ్డు పట్టుకుని గెలికింది. సంగటి గెలికిన వాళ్ళకి తెలుసు, రెండు నిమిషాలకే తెడ్డు బరువెక్కి భుజం పట్టేస్తాది. ఇక్కడేమో తెడ్డు నీళ్ళలో తిరిగినట్టు తేలిగ్గా తిరుగుతా ఉంది. ఆయమ్మ తలెత్తి "టీచరమ్మా, ఇది సంగటి కాదు, జావ" అనింది.

పిల్లలంతా బోర్డు వైపు తిరిగినారు. లెక్కలో తప్పు లేదు. మేము 18 ఎంచి పోసినామని నీళ్ళ గుంపు, మేము 6 అంచుదాకా నింపి పోసినామని పిండి గుంపు, ఒకరి మీద ఒకరు అరుచుకుంటా ఉన్నారు. నాకూ కోపం వచ్చింది, ఒంటిగంటకి అందరికీ ఆకలి వేస్తాది కదా అని.

మూడో తరగతిలో ఒక పిల్లోడు ఉండేవాడు. లెక్కల పీరియడ్‌లో ఎన్నిసార్లు లేపినా గోడ చూస్తా నిలబడేవాడు, ఒక్క మాట వచ్చేది కాదు. వాడు లేచిపోయి పిండి కొలిచిన గ్లాసు, నీళ్ళు కొలిచిన గ్లాసు రెండూ తెచ్చి వరండా గట్టు మీద పక్కపక్కన పెట్టినాడు. ఒకటి గాజుది, చిన్నది. ఇంకోటి మేము భోజనాలకి వాడే స్టీలుది. "ఇది టీ గ్లాసు టీచర్. ఇట్లాంటివి రెండున్నర పోస్తేనే అది నిండతాది" అన్నాడు. వాళ్ళమ్మకి బస్టాప్ దగ్గర టీ బంకు ఉంది, పొద్దున బడికి వచ్చేముందు గ్లాసులు కడిగేది వీడే.

పోసి చూసినాం. ఒకటి, రెండు, మూడోది సగం పోసేటప్పటికి నీళ్ళు స్టీలు గ్లాసు అంచుకి వచ్చి నిలబడినాయి. ఎవరో అర లీటరు వాటర్ బాటిల్ తెచ్చినారు, దాంట్లో టీ గ్లాసులైతే 5 పట్టినాయి, స్టీలు గ్లాసులు 2. అంటే ఇది 100 మిల్లీలీటర్లు, అది 250. అప్పుడు మొదలైంది అసలు లెక్క. మేము పోసిన 18 స్టీలు గ్లాసులు ఎన్ని టీ గ్లాసులు? 45. 45 గ్లాసుల నీళ్ళకి పిండి ఎంత పడాల? 15. మేము పోసింది 6. ఇంకా 9 కావాల. ఒక ఐదో తరగతి పాప ఇదంతా సుద్దముక్కతో వరండా నేల మీదే చేసేసింది, కూర్చునే ఓపిక కూడా లేకుండా వంగుకుని. డబ్బాలో చూస్తే పిండి 4 గ్లాసులకి మించి లేదు. ఇంక చేసేదేముంది, మజ్జిగ కలిపి, ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కలు నంజుకుని అందరం అంబలి తాగినాం.

కొలతల పాఠం నేను దానికి ముందే రెండుసార్లు చెప్పి ఉన్నాను. 1 లీటరు అంటే 1000 మిల్లీలీటర్లు అని పరీక్షలో దాదాపు అందరూ కరెక్టుగా రాసినారు. అట్ల రాసినోళ్ళే టీ గ్లాసుతో పిండి కొలిచినారు. గ్లాసు అంటే ఏ గ్లాసు అని అడగాలని ఒక్కరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. మనుషులు కొలతలన్నిటినీ ఒకే పద్ధతికి ఎందుకు తెచ్చుకున్నారో పుస్తకంలో ఒక పేరా ఉంటాది, అది నేను చదివి వినిపించినప్పుడు పిల్లలు ఆవులించినారు. ఆ శనివారం తర్వాత ఇంక ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. ఆ పిల్లోడు సోమవారం నోట్‌బుక్‌లో రెండున్నర ఎక్కం రాసుకొచ్చినాడు, రెండున్నర, ఐదు, ఏడున్నర, పది అని ఇరవై ఐదు దాకా. ఎవరూ చెప్పలేదు వాడికి. మా నాయన కాలంలో పావు ఎక్కం, అర ఎక్కం బడిలో వల్లె వేయించేవాళ్ళంట. ఇప్పుడు మీరడిగిన ఎక్కం ఇదే.

తర్వాతి శనివారం మళ్ళీ చేసినాం. గ్లాసు వాడే ఎంచి ఇచ్చినాడు. సంగటి గట్టిగా, ఉండల్లేకుండా కుదిరింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గిన్నెలు కడిగేటప్పుడు మగపిల్లలు, ఆడపిల్లలు అందరూ కడగాల్సిందే అని పెట్టినాను. ఇద్దరు తల్లులు వచ్చి మా వాడి చేత అంట్లు తోమిస్తారా అని అడిగినారు. వాడు తిన్న గిన్నె వాడు తోముకుంటే తప్పేముందమ్మా అంటే సమాధానం చెప్పలేక పోయినారు. ఈ విషయంలో నేను వెనక్కి తగ్గను.

అసలైన అభ్యంతరం ఒక పాప నాయనది. సోమవారం పొద్దున బండి ఆపి, దిగకుండానే, "టీచరమ్మా, సంగటి మా ఇంట్లో రోజూ గెలుకుతానే ఉండాం, దానికి బడికి పంపల్నా? ఇంగిలీషు చెప్పండి" అన్నాడు. ఆయనకి రెండెకరాల శెనక్కాయ చేను. తాను మట్టిలో పడిన కష్టం కూతురికి వద్దనేది ఆయన బాధ, అది నాకు బాగా అర్థమైంది. మీ ప్రశ్నలో ఉన్న భయం కూడా అదే అనుకుంటాను. అందుకే ఆయన్ని తప్పు పట్టను.

నేను తప్పు పట్టేది ఇంకోదాన్ని. తిరుపతిలో మా అక్క కొడుకు చదివే స్కూల్లో కూడా యాక్టివిటీ ఉంది, నెలకో ప్రాజెక్టు. పోయిన నెల నీటి చక్రం మోడల్ తెమ్మన్నారు. రాత్రి తొమ్మిదికి మా బావ స్టేషనరీ షాపుకి పరిగెత్తి థర్మాకోల్, రంగులు, దూది తెచ్చినాడు, మా అక్క పన్నెండు దాకా అతికించింది, పిల్లోడు నిద్రపోయినాడు. పొద్దున దానికి ఎ గ్రేడు. ఎవరికి ఇచ్చినట్టు ఆ గ్రేడు? వాన ఎట్ల పడతాదని వాణ్ణి అడిగితే థర్మాకోల్ మబ్బు చూపించినాడు. మరిగే ఎసరు మీద మూత తీసి, దానికింద వేలాడే చుక్కలు చూపిస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పాఠం అది. ఇంకా కొన్నిచోట్ల మొక్క నాటేది ఫోటో కోసమే, పది మంది పిల్లలు ఒకే మొక్క మీద చెయ్యి పెట్టి నవ్వతా ఉంటారు, మర్నాడు దానికి నీళ్ళు పోసే దిక్కుండదు. ఇట్లాంటివి చూసే మీకు టైం వేస్ట్ అనిపించి ఉంటే, మీ మాట నిజం.

2020లో వచ్చిన జాతీయ విద్యా విధానంలో పుస్తకాల సంచి లేకుండా 10 రోజులు పిల్లలు వడ్రంగం, తోటపని, కుండలు చేయడం లాంటివి నేర్చుకోవాలని రాసినారు. మంచిదే, కానీ అది 6 నుంచి 8 తరగతులకి. చేతులు ఊరికే ఉండని వయసు ఐదు నుంచి పది కదా, ఆ వయసులో కూర్చోబెట్టి రాయించి, ఆరో తరగతికి వచ్చినాక చేతిపని నేర్పుతామంటే ఎట్ల? గాంధీగారు 1937లో వార్ధా సభలో చేతిపని చుట్టూనే చదువంతా అల్లాలని చెప్పినారు, ఏడేళ్ళ నుంచే మొదలుపెట్టే ఆలోచన అది. అంత దూరం ఎందుకు, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారి రిషివ్యాలీ ఉంది. అది డబ్బున్నోళ్ళ స్కూల్ అని కొట్టిపారేస్తారు గానీ, వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే గది బళ్ళు నడిపి, అన్ని తరగతుల పిల్లల్నీ కలిపి కూర్చోబెట్టి, పాఠాల్ని కార్డులుగా విడగొట్టి, ఎవరి మెట్టు వాళ్ళు ఎక్కేట్టు ఒక పద్ధతి తయారు చేసినారు, దాన్ని వేరే రాష్ట్రాలు కూడా తీసుకున్నాయి. చిన్న బడి అంటే లోటు కాదని నాకు ధైర్యం ఇచ్చింది అదే. 23 మంది కాబట్టే నేను ఎవరు ఏ గ్లాసు పట్టుకున్నారో చూడగలను. 50 మంది ఉంటే ఆ పిల్లోడు గోడ చూస్తానే ఐదో తరగతి దాటిపోయి ఉండేవాడు.

సరే, ఆ నాయన సంగతి పూర్తి చేస్తాను. జూలై మొదట్లో వాన పడినాక ఆ 2 సెంట్లలో శెనక్కాయ విత్తనాలు వేసి ఉన్నాం. నెల తిరిగేసరికి పసుప్పచ్చ పూలు వచ్చినాయి, పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతా ఉన్నాయి. పువ్వు పైన పూస్తే కాయ కింద ఎట్ల కాస్తాదని ఒకడు అడిగినాడు. వీళ్ళంతా శెనక్కాయ చేలల్లో పుట్టి పెరిగినోళ్ళే, పీకిన చెట్టుని వంద సార్లు చూసినోళ్ళే, అయినా ఈ ప్రశ్న ఎప్పుడూ రాలేదు. పువ్వు కాడకి ఎర్ర దారం కట్టి రోజూ చూడమన్నాను. వారానికి అక్కడ సూది లాంటిది బయలుదేరింది, మొన ఊదా రంగులో, నేరుగా కిందికి. అదే ఊడ. మట్టిలోకి దిగి, అక్కడ అడ్డం తిరిగి కాయ అవుతాది. ఒక పాప రెండు ఊడల కింద పెంకు ముక్కలు పెట్టింది, మట్టి తగలకపోతే ఏమవుతాదో చూడాలని. ఆ రెండూ మొన నల్లబడి ఎండిపోయినాయి. నేను చెప్పించింది కాదు, దానికే తోచింది.

ఒకరోజు ఆరేడు మంది బోర్లా పడుకుని ఊడలు లెక్కపెడతా ఉంటే ఆ పాప నాయన కంచె అవతల బండి ఆపినాడు. ఈసారి దిగినాడు. ఒక చెట్టు మొదలు చేత్తో తడిమి, "ఊడలు దిగతా ఉండాయి, జిప్సం వెయ్యలేదా? కాయ డొల్లయిపోతాది" అన్నాడు. ఎంత వెయ్యాల అని పిల్లలు అడిగితే ఎకరాకి 200 కిలోలని చెప్పినాడు. ఎకరాకి 100 సెంట్లు, మనది 2 సెంట్లు. ఆయన నోరు తెరిచేలోపే వాళ్ళ పాప "4 కిలోలు నాయనా" అనింది. మర్నాడు గోతంలో తెచ్చిచ్చి, చెట్ల మొదళ్ళలో ఎట్ల చల్లాలో, పైన మట్టి ఎట్ల ఎగదొయ్యాలో ఆయనే చూపించినాడు. అరగంట పాఠం చెప్పినాడు, నాకంటే బాగా చెప్పినాడు. అక్టోబరు ఆఖర్లో పీకినాం, వేయించి, రోట్లో నూరి ఊరిబిండి చేసుకుని సంగటితో తిన్నాం.

ఇంగ్లీష్ గురించి ఆయన భయం తీరలేదు. ప్రతి మీటింగ్‌లోనూ ఎంతవరకు వచ్చిందని అడుగుతాడు, పాప చేత చదివించి వినిపిస్తాను.

మీరు మీ పాప స్కూల్‌కి పోయినప్పుడు సిలబస్ ఎంతయింది అనడంతో పాటు, వంట రోజు కొలిచేది ఎవరు, చెడిపోతే ఆ తర్వాత ఏం చేస్తారు, మళ్ళీ చేస్తారా అని కూడా అడగండి. మొక్కలైతే సెలవుల్లో నీళ్ళు ఎవరు పోస్తారని అడగండి. టీచర్లు తడుముకోకుండా చెప్తే నిశ్చింతగా ఉండండి. జాగా ఉన్న బడి అయితే వానలు పడినాక రెండు గుప్పిళ్ళ శెనక్కాయ విత్తనాలు పాప చేతికిచ్చి పంపండి, మిషన్లో ఆడించినవి కాదు, చేత్తో ఒలిచినవి, పైపొర చెక్కు చెదరకుండా ఉన్నవి, లేకపోతే సరిగ్గా మొలకెత్తవు.