లైసెన్స్ రద్దయితే అప్పీలుకు ముందు తేదీలు చూడండి

మిర్యాలగూడ అన్నా, తమ్ముడి కస్టమ్స్ బ్రోకర్ (ఎగుమతి, దిగుమతి సరుకులకు కస్టమ్స్ పనులు చేసిపెట్టే ఏజెంటు) లైసెన్స్ రద్దు చేశారు, ఇక దారే లేదా అని అడిగారు. ఉంది, ధైర్యంగా ఉండండి. హైదరాబాద్‌లో సెస్టాట్ (కస్టమ్స్ అప్పీళ్లు వినే ట్రైబ్యునల్) బెంచి ముందు అప్పీలు వేయాలి. ఆర్డర్ చేతికందిన రోజు నుంచి 3 నెలల గడువు. ఆ కవరు పారేయకండి, దాని మీది పోస్టు ముద్ర పనికొస్తుంది.

ఇప్పుడు కాగితాలన్నీ తేదీల వరుసన పరచండి. కస్టమ్స్ బ్రోకర్ల లైసెన్సింగ్‌పై 2018లో వచ్చిన నిబంధనల్లో 17వది ప్రకారం, తప్పు జరిగిందన్న రిపోర్టు అందిన 90 రోజుల్లో కమిషనర్ నోటీసివ్వాలి. నోటీసు నుంచి 90 రోజుల్లో విచారణ రిపోర్టు, ఆ తర్వాత మరో 90 రోజుల్లో తుది ఆర్డర్. ఎక్కడ దాటినా వకీలుకు చూపించండి. ఈ గడువుల మీద హైకోర్టులే తలో రకంగా చెప్పాయి, అదొక్కటే నమ్ముకోవద్దు. సాక్షులను ప్రశ్నిస్తానని తమ్ముడు అడిగితే, కారణం రాయకుండానే కాదన్నారా? నా లెక్కన అదే గట్టి పాయింటు.