కట్టలో సగం ఆవిడదే: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

అన్న మీద చెల్లెలు వేసిన ఆస్తి దావా గురించి నువ్వు రాసిన కథ రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. "సంతకం నాదే, కాగితంలో ఏముందో నన్ను చదవనివ్వలేదు" అని చెల్లెలు బోనులో నిలబడి చెప్పే చోటు బాగా రాశావు. ఆ తర్వాత నువ్వు చేసిన పనికి నాకు కోపం వచ్చింది. అది చల్లారకముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అన్న తరఫు సీనియర్ లాయరు లేస్తాడు. ఇది పరువు గల కుటుంబమనీ, గొడవ పేపర్లకెక్కితే ఫ్యాక్టరీకి అప్పు పుట్టదనీ చెప్పి, విచారణ తలుపులు మూసి జరిపించి, రికార్డు ఎవరూ చూడకుండా సీలు చేయమంటాడు. జడ్జిగారు సరేనంటారు. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ చెల్లెలు ఒక్క మాట మాట్లాడదు! నువ్వది గమనించినట్టు లేదు. "పెద్దింటి గొడవ ఊరికెందుకు?" అన్న వాక్యం అన్న నోటి నుంచి వచ్చుంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. కానీ ఆ మాట కథ చెప్పే మనిషి అంటున్నాడు. అంటే నువ్వే అంటున్నావు.

రికార్డు సీలు చేస్తే అన్న పరువు ఒక్కటే లోపలికి పోతుందనుకున్నావు. ఆ కేసు కాగితాల కట్టలో సగం చెల్లెలి మాట. ఆవిడ ప్రమాణం చేసి చెప్పింది, కోర్టు టైపు చేయించి సంతకం పెట్టించుకున్నది. అన్న తన వాదన రేపు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పుకోగలడు, బంధువుల పెళ్లిలో నలుగురినీ కూర్చోబెట్టి చెప్పుకోగలడు. చెల్లెలు చెప్పుకోవడానికి కోర్టు తప్ప వేరే చోటు లేదు. డబ్బున్నవాడు రికార్డు మూయించాడంటే ఎదుటి మనిషి నోరు మూయించాడని అర్థం. కథకుడనేవాడు ఈ విషయంలో ఎటువైపు నిలబడాలో నాకు ఏనాడూ సందేహం లేదు.

నీ లాయరు వాదన పాతదే. బ్లిట్జ్ వారపత్రిక మీద బొంబాయి హైకోర్టులో ఒక పరువు నష్టం దావా నడిచింది. అందులో సాక్షిగా వచ్చిన ఒక వ్యాపారి, తన వెనకటి సాక్ష్యం పత్రికల్లో వచ్చి వ్యాపారం దెబ్బతిందనీ, ఈసారి చెప్పేది రానివ్వొద్దనీ కోరాడు. జడ్జిగారు నోటిమాటగా ఒప్పుకున్నారు. విలేకరులు సుప్రీంకోర్టుకెళ్లారు. 1966లో, నరేశ్ శ్రీధర్ మిరాజ్కర్ కేసులో, తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం వాళ్ల పిటిషన్లు కొట్టేసింది. బహిరంగ విచారణే నియమమని ప్రధాన న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ గట్టిగానే రాశారు, అయినా న్యాయం కోసం అవసరమైతే సాక్ష్యం పత్రికల్లో రాకుండా ఆపే అధికారం హైకోర్టుకు ఉందన్నారు. ఆ తొమ్మిది మందిలో జస్టిస్ హిదయతుల్లా ఒక్కరే విభేదించారు. వ్యాపారి నష్టం కోర్టు మాట ఆపడానికి కారణం కాకూడదని అప్పుడూ ఇప్పుడూ నా నమ్మకం. నేను ఆ ఒక్కడి పక్షం.

ఆ తర్వాత చూడు. విదేశీ బ్యాంకుల్లో ఖాతాలున్న 627 మంది పేర్లు 2014లో సుప్రీంకోర్టుకు వెళ్లాయి, సీల్డ్ కవర్లో. 500 కోట్లకు పైగా బాకీపడి కట్టనివాళ్ల జాబితా రిజర్వ్ బ్యాంకు 2016లో ఇచ్చింది, అదీ సీల్డ్ కవర్లోనే. మరి మన పేపరు లోపలి పేజీలు తిప్పు. బంగారం తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయినవాళ్ల పేర్లు వేలం నోటీసుల్లో వరసగా ఉంటాయి. ఇంటి లోను కట్టలేనివాడి పేరూ ఇంటి వివరాలూ అచ్చవుతాయి. స్వాధీన నోటీసు రెండు పత్రికల్లో వేయాలనీ, అందులో ఒకటి స్థానిక భాషదై ఉండాలనీ రూలే ఉంది. వాళ్ల పరువు గురించి ఏ సీనియర్ లాయరు లేచి నిలబడ్డాడు?

మన రాష్ట్రంలోనూ చూశాం. అమరావతి భూముల ఎఫ్‌ఐఆర్ గురించి మీడియా రాయకూడదని 2020 సెప్టెంబరులో హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఆంక్ష మీద స్టే ఇచ్చింది. ఆ కేసులో ఎవరిది తప్పు, ఎవరిది కాదు అన్నది నా విషయం కాదు. కానీ ఊళ్లో పదివేల దొంగతనం కేసులో పనిమనిషి మీద ఎఫ్‌ఐఆర్ పడితే, పేపర్లో రాయొద్దని ఆవిడ తరఫున హైకోర్టుకెళ్లినవాణ్ణి నేనెప్పుడూ చూడలేదు.

అత్యాచార బాధితురాలి పేరు, పిల్లల పేర్లు, విడాకుల కేసుల్లో ఇంటిగుట్టు బయటికి రాకూడదు. వాటికి చట్టం ముందే రక్షణ ఇచ్చింది, ఆ రక్షణకు పేదా గొప్పా తేడా లేదు. నీ కథలోది ఆస్తి తగాదా.

ఆస్తి తగాదా అంటే చిన్న విషయమనుకోకు. హిందూ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా అని ఆంధ్రప్రదేశ్ చట్టం 1986లో వచ్చింది, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అంతకు ముందే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005లో దేశమంతటికీ చట్టం వచ్చింది. తండ్రి అప్పటికే చనిపోయినా కూతురికి హక్కుందని తేలడానికి 2020 దాకా, సుప్రీంకోర్టులో వినీతా శర్మ కేసు దాకా పట్టింది. ఈ మధ్యలో ఎంతమంది అక్కచెల్లెళ్లు దావాలు వేశారో, వాటా వదులుకున్నట్టు రాసిన రిలీజ్ డీడ్ మీద సంతకం ఎలా పెట్టించుకున్నారో ఎంతమంది బోనులో చెప్పారో ఆలోచించు. ఆ కేసులు తెరిచి ఉన్నాయి కాబట్టే తర్వాతి ఆడపిల్ల ప్లీడరుకు పట్టుకోవడానికి ఒక తీర్పు దొరికింది. పరువు గల కుటుంబాలన్నీ తమ కట్టలు మూయించుకుని ఉంటే నీ కథలో చెల్లెలికి దావా వేయొచ్చనే తెలిసేది కాదు.

కుర్రతనంలో నేను తెనాలిలో ఒక ప్లీడరుగారి గుమస్తా దగ్గర సహాయకుడిగా పనిచేశాను. వాంగ్మూలాలకు నకళ్లు రాయడం నా పని. వచనం అక్కడే నేర్చుకున్నాను, ఏ రచయితల క్యాంపులోనూ కాదు. చీటీల యజమాని ఒకడు ఊరి డబ్బు తిన్న కేసులో, ఇడ్లీ బండి పెట్టుకున్న ఒకావిడ క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలకు, చెప్పిన జవాబులు రాస్తూంటే చెయ్యి ఆగిపోయింది. రసీదు ఎందుకు తీసుకోలేదని లాయరు అడిగాడు. "ఆయన కుర్చీలో కూర్చుంటే నేను గుమ్మం దగ్గర నిలబడేదాన్ని, అక్కడ రసీదు ఎట్లా అడగను?" అంది. దాన్ని కథగా రాసి పంపితే, ఒక పెద్ద వారపత్రిక సంపాదకుడు క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తం కత్తిరించి, కోర్టు సీన్లు పాఠకులకు విసుగని చెప్పాడు. చీటీల యజమానిని "ఒక పెద్దమనిషి"గా మార్చాడు. ఆవిడ మాట పోయింది, ఆవిడ ఏడుపు మిగిలింది. ఆయన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. ఇప్పటి ఫ్యాషన్ కూడా అంతే. డబ్బున్నవాడి ఒంటరితనం మీద, బాల్కనీలో కాఫీ మీద కథల మీద కథలు. నీ కథకు ఆ గాలి సోకింది.

కోర్టుకు వెళ్లు. తలుపు తీసే ఉంటుంది, వెనక బెంచీ మీద కూర్చుంటే ఎవరూ లేపరు. బంట్రోతు పిలుపులు విను. కాపీ కావాలంటే, కేసులో లేనివాడివి కాబట్టి, ఎందుకో చెబుతూ అఫిడవిట్‌తో దరఖాస్తు పెట్టాలి. సమాచార హక్కు చట్టం అక్కడ పనిచేయదు, హైకోర్టు రూల్సే వర్తిస్తాయని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంకోటి తెలుసుకో. నిజంగా పెద్ద డబ్బున్నవాళ్లు ఈమధ్య సీలు కూడా అడగడం లేదు, తగాదాను ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరకు, తీసుకెళుతున్నారు. 2019 సవరణతో అక్కడి వ్యవహారం గోప్యంగా ఉంచాలని చట్టంలోనే 42ఎ సెక్షన్ చేరింది. నీ కథలో అన్న అంత తెలివైనవాడైతే ఆ దారి పట్టేవాడు. అది రాయి, కథ మారిపోతుంది.

ఏ పత్రికకు పంపాలో ఇప్పుడే అడగకు. కలం పేరు పెట్టుకోనా అన్నావు, ఈ కథకు మాత్రం వద్దు. ముందు లాయరు లేచిన చోటు నుంచి మళ్లీ రాయి. మీ ఊరి కోర్టులో తెలిసినవాళ్లెవరూ లేకపోతే చెప్పు. అక్కడ నాకు తెలిసిన ప్లీడరు గుమస్తా ఒకాయన ఉన్నాడు, ఆయనకు చీటీ రాసిస్తాను.