అమ్మాయి ట్రాన్స్‌జెండర్ అని చెప్పింది: చిప్ డిజైన్ చదివించాలా, నలుగురి కంట పడని పని చూడాలా?

ప్రశ్న: మాది అనంతపురం. పన్నెండేళ్ళుగా బెంగళూరులో, మారతహళ్ళిలో ఉంటున్నాం. పెద్దబిడ్డకు పదిహేడేళ్ళు, సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) సైన్స్ చదువుతోంది. అబ్బాయి అనుకునే పెంచాం. ఆరు నెలల కిందట "నేను అమ్మాయిని, నాకు చాలా ఏళ్ళుగా తెలుసు" అని చెప్పింది. మెల్లగా అలవాటు పడుతున్నాం. ఎలక్ట్రానిక్స్ తీసుకుని చిప్ డిజైన్‌లోకి వెళ్తానంటోంది. మా ఆయన మాత్రం "దూరవిద్యలో డిగ్రీ చేయించి, ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఏదో చూద్దాం, ఎవరి కంటా పడకుండా బతికితే చాలు" అంటున్నారు. ఎవరిని అడిగినా కష్టాలే చెప్తున్నారు. ఇందులో మంచి అంటూ ఏమైనా ఉందా? ఉంటే అది చదువుకూ ఉద్యోగానికీ అక్కరకొస్తుందా?

జవాబు: అమ్మా, మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. మంచి ఉంది, అక్కరకొస్తుంది కూడా. కానీ మీవారు చెప్తున్న దారిలో వెళ్తే ముందుగా పోయేది ఆ మంచే. ఆయన భయం బిడ్డ మీద ప్రేమలోంచి వచ్చిందని తెలుసు. అయినా ఈ సలహా తీసుకోవద్దని గట్టిగా చెప్తున్నాను.

దాచుకుని బతకడం ఊరికే రాదు. గొంతు ఎలా పలుకుతోంది, చేతులు ఎలా కదులుతున్నాయి, ఎవరు అనుమానంగా చూస్తున్నారు అని రోజంతా తనకు తానే కాపలా కాసుకోవాలి. ఒక కన్ను పుస్తకం మీద, ఒక కన్ను కాపలా మీద పెట్టి ఫిజిక్స్ లెక్క చేస్తే సగం బుర్రే పనిచేస్తుంది. మీ అమ్మాయి నోరు తెరిచి చెప్పిన రోజున ఆ కాపలా పని కొంత దిగిపోయింది. ఇప్పుడు దాక్కునే ఉద్యోగం చూపిస్తే అదే పనిని జీవితాంతానికి మళ్ళీ అప్పగించినట్టవుతుంది.

మీరడిగిన ప్రశ్ననే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను నేరుగా అడిగి అమెరికా పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటి 2011లో అచ్చయింది. లోపలి మనిషీ బయటి మనిషీ ఒకటి కావడం, దగ్గరివాళ్ళతో బంధం నిజాయితీగా మారడం, ఎదుటివాళ్ళ బాధ త్వరగా అర్థం కావడం, ఆడా మగా ఇద్దరి లోకాలూ తెలియడం వంటివి వాళ్ళు చెప్పారు. చదువు విషయంలో నేను మొదటిదానికే ఎక్కువ విలువ ఇస్తాను. కష్టాల వల్ల రాటుదేలడం గురించి కూడా చెప్తారు. అది నిజమే అయినా, "కష్టాలే నిన్ను గట్టిపరుస్తాయి" అని మాత్రం బిడ్డతో అనకండి. తప్పించగలిగిన కష్టాన్ని తప్పించడం పెద్దల పని.

ఇంకొకటి చూడండి. చుట్టూ ఉన్న వాళ్ళందరూ ఒకే జవాబు చెప్తుంటే, ఆ జవాబును తనలో తాను ఏళ్ళ తరబడి పరీక్షించి, సరిపోవడం లేదని తేల్చుకుని, ధైర్యంగా చెప్పింది మీ అమ్మాయి. పదిహేడేళ్ళకు అది చిన్న సంగతి కాదు. చిప్ డిజైన్‌లో వెరిఫికేషన్ అనే పెద్ద విభాగం ఉంది. డిజైన్ చేసినవాళ్ళు "సరిగ్గానే ఉంది" అన్నాక, ఎక్కడ సరిగ్గా లేదో వెతికి పట్టుకోవడమే ఆ ఇంజనీర్ల ఉద్యోగం. అక్కడ కావలసింది ఈ స్వభావమే.

పైగా ఆమె ఎంచుకున్న రంగానికి పునాదులు వేసినవాళ్ళలో ఇద్దరు ట్రాన్స్ మహిళలున్నారు. మీ చేతిలో ఫోను ఉంటే అందులో ఉన్నది దాదాపు ఖాయంగా ఆర్మ్ ప్రాసెసరే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఏకార్న్ కంపెనీలో, మొదటి ఆర్మ్ చిప్ 1985లో పనిచేసింది. దాని ఆదేశాల సమితిని, అంటే ఆ చిప్‌కు అర్థమయ్యే మూల ఆజ్ఞల జాబితాను, రూపొందించినావిడ సోఫీ విల్సన్. ఆ చిప్ నుంచి పుట్టిన ఆర్మ్ కంపెనీకి ఇప్పుడు బెంగళూరులోనే డిజైన్ కేంద్రం ఉంది.

రెండో ఆవిడ లిన్ కాన్వే. కార్వర్ మీడ్‌తో కలిసి ఆమె రాసిన పాఠ్యపుస్తకం 1980 నుంచి చిప్ డిజైన్ బోధననే మార్చేసింది. అయితే ఆమె కథలో మీవారు వినాల్సిన భాగం అంతకు ముందుది. 1960లలో ఐబీఎంలో ఆమె ప్రాసెసర్ల మీద ఎంతో ముందుచూపున్న పరిశోధన చేశారు. లింగ మార్పు సంగతి చెప్పగానే 1968లో ఉద్యోగం తీసేశారు. ఆ తర్వాత కొత్త పేరుతో, గతం ఎవరికీ చెప్పకుండా, మామూలు ప్రోగ్రామర్‌గా మొదటి మెట్టు నుంచి మళ్ళీ ఎక్కారు. దాచుకునీ గొప్ప పని చేశారు, నిజమే. కానీ ఐబీఎంలో చేసిన పని తనదేనని ముప్ఫై ఏళ్ళపాటు చెప్పుకోలేకపోయారు. ఐబీఎం క్షమాపణ చెప్పింది 2020లో, అంటే 52 ఏళ్ళ తర్వాత. దాచుకునే బతుకులో బయోడేటా ఇలాగే రెండు ముక్కలవుతుంది. అందుకే కింద కాగితాల గురించి అంత వివరంగా రాస్తున్నాను. పాత పేరుతో తెచ్చుకున్న ప్రతి మార్కూ కొత్త పేరు వెంట నడవాలి.

రెండు లోకాలూ తెలియడం అంటే ఏమిటో బెన్ బారెస్‌ను చూస్తే అర్థమవుతుంది. ఆయన ట్రాన్స్ పురుషుడు, అంటే అమ్మాయిగా పెరిగి తర్వాత మగవాడిగా బతికినవారు; స్టాన్‌ఫర్డ్‌లో మెదడు శాస్త్రవేత్తగా పనిచేశారు. ఒకసారి ఆయన ప్రసంగం విన్న ఒకాయన, ఈయన పరిశోధన వాళ్ళ అక్కచెల్లెలి పరిశోధన కంటే చాలా బాగుందన్నాడట. ఆ "అక్కచెల్లెలు" కూడా బారెస్సే, పాత పేరుతో. శాస్త్రరంగంలో ఆడవాళ్ళకు జరుగుతున్న అన్యాయాన్ని ఆయన అంత సూటిగా రాయగలిగింది రెండు వైపులా నిలబడి చూశారు కాబట్టే. జట్టులో ఎవరి మాట వింటున్నారు, ఎవరి మాట తోసేస్తున్నారు అన్నది ముందుగా పసిగట్టే మనిషి నలుగురితో పనిచేసే ఏ ఆఫీసుకైనా కావాలి.

మన దగ్గర కూడా దారి పడుతోంది. 2022లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. మద్రాస్ హైకోర్టులో పోరాడి గెలిచి ప్రీతికా యాషిని తమిళనాడులో ఎస్సై అయ్యారు. కర్ణాటక 2021లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు 1 శాతం రిజర్వేషన్ తెచ్చింది. అది ప్రతి కేటగిరీలోనూ అడ్డంగా వర్తిస్తుంది, అంటే మీ కులం కేటగిరీ పోదు.

ఇక చదువు. ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఆమెకు సరైన బ్రాంచి. "వీఎల్‌ఎస్‌ఐ" (చిప్ డిజైన్‌కే మరో పేరు) అని పేరున్న కొత్త కోర్సుల వెంట పడనక్కర్లేదు. మామూలు ఈసీఈలో డిజిటల్ డిజైన్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ బాగా చెప్పే కాలేజీ దొరికితే చాలు. కేసెట్ (కర్ణాటక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకులో సగం పీయూసీ మార్కులవి, సగం పరీక్షవి. కాబట్టి జేఈఈ మోజులో బోర్డు మార్కులు వదిలేసుకోవద్దు. కేసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు తగ్గవు, జేఈఈ మెయిన్‌లో తగ్గుతాయి. రెంటికీ ఒకే అలవాటుతో వెళ్తే కేసెట్‌లో అనవసరంగా ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తారు. కర్ణాటకలో కనీసం ఏడేళ్ళు చదివినట్టు స్కూళ్ళ నుంచి స్టడీ సర్టిఫికెట్లు తీసి, బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకంతో ఇప్పుడే పెట్టుకోండి.

పరీక్షలు అయ్యాక దొరికే ఖాళీలో ఐకారస్ వెరిలాగ్, జీటీకేవేవ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు కంప్యూటర్‌లో వేసుకోమనండి. వెరిలాగ్ అంటే సర్క్యూట్లను రాసే భాష. డబ్బు కట్టి కోచింగ్ అక్కర్లేదు. నాలుగు బిట్ల కౌంటర్‌తో మొదలుపెట్టి, కూడికలు తీసివేతలు చేసే ఏఎల్‌యూ, తర్వాత ట్రాఫిక్ సిగ్నల్ లాంటి స్టేట్ మెషీన్ రాయాలి. ఇంజనీరింగ్ మూడో ఏడు ముగిసేసరికి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-ఫైవ్ అనే ఆదేశాల సమితిలోని మూల ఆదేశాలతో నడిచే చిన్న ప్రాసెసర్ ఆమె సొంతంగా రాసి ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి గట్టి సరుకు ఉన్నట్టే. ఆ ఆదేశాలు సుమారు నలభైయే. చాలామంది తడబడేది ఒకచోట: వెరిలాగ్‌ను సీ ప్రోగ్రాంలా, లైను తర్వాత లైను నడిచేదిగా చదువుతారు. అది సర్క్యూట్ వర్ణన, అన్నీ ఒకేసారి జరుగుతాయి. బొమ్మ గీసుకున్నాకే కోడ్ రాయమనండి.

కాగితాలకు వద్దాం. అన్నింటికంటే ముందు పేరు స్థిరపరచుకోండి, స్పెల్లింగుతో సహా. మన తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి స్కూళ్ళు ఇనిషియల్‌ను చివర వేస్తాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పదో తరగతి మార్కుల కార్డులో ఒక్క అక్షరం, ఇలా ఉన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. పేరు మార్పులో ఎక్కువమంది ఇరుక్కునేది లింగం గడి దగ్గర కాదు, ఈ ఇంటిపేరు దగ్గర. కులం, ఆదాయం సర్టిఫికెట్ల మీద ఆర్‌డీ నంబరు ఉంటుంది. కేసెట్ దరఖాస్తులో ఆ నంబరు కొట్టగానే అందులోని పేరు వస్తుంది. అది దరఖాస్తులోని పేరుతో కలవకపోతే రిజర్వేషన్ దగ్గర చిక్కు వస్తుంది.

నా సలహా ఇది. పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి కాబట్టి ఈ ఏడు పేరు మార్చే పని మొదలుపెట్టకండి. పదో తరగతి కార్డులో ఉన్న పేరుతోనే కేసెట్, జేఈఈ, కామెడ్‌కె (కర్ణాటక ప్రైవేటు కాలేజీల ప్రవేశ పరీక్ష) అన్నీ రాయించండి. సగం కాగితాలు పాత పేరుతో, సగం కొత్త పేరుతో కౌన్సెలింగ్‌కు వెళ్ళడమే అన్నిటికన్నా చెడ్డ స్థితి. సీటు ఖాయమయ్యాక మొదటి ఏడాదిలోనే మార్పు మొదలుపెట్టండి. ఆలస్యం చేస్తే ఎనిమిది సెమిస్టర్ల మార్కుల కార్డులూ దిద్దించుకోవాల్సి వస్తుంది, కంపెనీలు వచ్చే వేళకు పని తెగదు.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు వచ్చిన 2019 చట్టం కింద జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే గుర్తింపు పత్రం మార్పులన్నిటికీ మూలం. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో. 2020 నిబంధనల ప్రకారం వరుసగా పన్నెండు నెలలు ఉంటున్న జిల్లాలో దరఖాస్తు చేయాలి, కాబట్టి మీకు బెంగళూరే, అనంతపురం కాదు. పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రులు చేయాలి. ఆ పత్రం చూపిస్తే మిగతా కార్యాలయాలు పేరు, లింగం మార్చాలి, కానీ పత్రాల నంబరు మారకూడదని కూడా ఆ నిబంధనల్లో ఉంది. ఆ నంబరే పాత మార్కులనూ కొత్త పేరునూ కలిపే ముడి. ఈ చట్టానికీ నిబంధనలకూ సవరణలు వస్తుంటాయి, దరఖాస్తు చేసే రోజున ఏది అమల్లో ఉందో చూసి నింపండి. తర్వాత వరుస: ఆధార్, పదో తరగతి కార్డు, పీయూసీ కార్డు, కాలేజీ, బ్యాంకు, పాన్. డిగ్రీ సర్టిఫికెట్లో పేరు మామూలుగా పదో తరగతి కార్డును బట్టే వస్తుంది కనుక దాన్ని దాటవేయకండి. పాత కార్డుల నకళ్ళు పారేయవద్దు. కేంద్రం స్మైల్ పథకంలో ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా ఏడాదికి 13,500 రూపాయల స్కాలర్‌షిప్ పెట్టారు, ఇప్పుడు అమల్లో ఉందో లేదో చూసుకోండి. దానికీ ఈ పత్రమే కావాలి.

పిలవడానికి మాత్రం ఏ పత్రమూ అక్కర్లేదు. మన భాష ఇందులో మీకు సాయం చేస్తుంది. "తిన్నావా", "వచ్చావా" అనడంలో ఆడా మగా లేదు. "ఒరేయ్" మానేసి "నాన్నా", "బంగారం" అంటే చాలు, కూతుళ్ళనూ అలాగే పిలుస్తాం కదా. మార్చుకోవాల్సింది పక్కవాళ్ళతో చెప్పేటప్పుడే: "వచ్చాడు" కాదు, "వచ్చింది". మీ ఉత్తరంలో మీరు ఆ మార్పు అప్పుడే చేసేశారు, గమనించారో లేదో.

కాలేజీ చూడటానికి వెళ్ళినప్పుడు ప్లేస్‌మెంట్ల బోర్డు కంటే ముందు నాలుగు సంగతులు అడగండి. హాజరు పట్టీలో పిలుపు పేరు రాస్తారా? ఆమె వాడుకోగల టాయిలెట్ ఏ అంతస్తులో ఉంది? ల్యాబ్ జట్లు అబ్బాయిలు, అమ్మాయిలు అని విడదీస్తారా? ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ నాలుగేళ్ళూ వారం వారం ఎదురయ్యేది అదే. యూజీసీ 2016లో ర్యాగింగ్ నిర్వచనాన్ని సవరించి ట్రాన్స్‌జెండర్ విద్యార్థులను వేధించడం, వెలివేయడం కూడా అందులో చేర్చింది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు ఆ మాట మర్యాదగా గుర్తుచేయండి. మొదటి ఏడాది ఇంటి నుంచే వెళ్ళొచ్చే కాలేజీ అయితే మేలు. హాస్టల్ గొడవ లేకుండా స్నేహితులను తనే ఎంచుకుంటుంది.

ఉద్యోగం వచ్చినప్పుడు పొరపాటు జరిగేది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో. బయటి ఏజెన్సీ పాత రికార్డులు తీసి "పేరు కలవలేదు" అని రాసేస్తుంది. ఆఫర్ లెటర్ రాగానే, వాళ్ళు అడగకముందే, గుర్తింపు పత్రం నకలు హెచ్‌ఆర్‌కు పంపాలి. వివక్ష చూపకూడదని, ఫిర్యాదుల అధికారిని పెట్టాలని 2019 చట్టం ప్రైవేటు సంస్థలకు కూడా చెప్తుంది. ఆ అధికారి ఎవరని అడిగితే ఆ కంపెనీ పద్ధతి ఏమిటో జవాబులోనే తెలిసిపోతుంది. ఆరోగ్య బీమాలో హార్మోన్లు, శస్త్రచికిత్సలు ఉన్నాయో లేదో కూడా అప్పుడే అడగాలి. వైద్యం చేయించుకోవాలా వద్దా, ఎప్పుడు అన్నది ఆమె, డాక్టరు కలిసి తేల్చుకునే సంగతి. దాన్ని సీటుకూ ఉద్యోగానికీ ముడిపెట్టకండి.

చేరిన కొత్తలో కంపెనీవాళ్ళు వేదికలెక్కించి మాట్లాడమంటారు. ఇష్టమైతే వెళ్ళనివ్వండి, కానీ మొదటి రెండేళ్ళు పేరు పనిలో రావాలి. "మా ట్రాన్స్‌జెండర్ ఉద్యోగి" అనే పరిచయం కంటే "ఆ బ్లాక్‌లో బగ్ పట్టుకున్నది ఈమే" అనే పరిచయం ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ వారం ఒక పని చేయండి. ఆధార్, పదో తరగతి కార్డు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు నాలుగూ బల్ల మీద పరిచి, పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఆ పని మీవారికి అప్పగించండి, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయమనండి. తేడాలు ఏమైనా ఉంటే నాకు రాయండి, ఏ ఆఫీసుకు ముందు వెళ్ళాలో చెప్తాను.