బాండ్ ఉందని కంపెనీ నా పాస్‌పోర్ట్ ఒరిజినల్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. మీరు రాసింది చదివాను. తిరుపతి దగ్గర ప్రైవేటు కంపెనీలో చేరారు, రెండేళ్లకు బాండ్ రాసిచ్చారు. వీసా పని ఉందని హెచ్‌ఆర్‌వాళ్లు ఒరిజినల్ పాస్‌పోర్ట్ తీసుకున్నారు. ఇప్పుడు అడిగితే బాండ్ అయిపోయాక ఇస్తామంటున్నారు. ఇలాంటిదే నాకూ జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు మీ పాస్‌పోర్ట్ జిరాక్స్ ఉంటే, బుక్కులో సూచనలు అచ్చేసిన పేజీ తీసి చూడండి. చిన్న అక్షరాల్లో ఉంటాయని ఎవరూ చదవరు. ఈ పాస్‌పోర్ట్ భారత ప్రభుత్వ ఆస్తి అని అక్కడ స్పష్టంగా ఉంటుంది. దాని కిందనే, ఇది పాస్‌పోర్ట్ పొందిన మనిషి దగ్గర గానీ, ఆ మనిషి అనుమతి ఇచ్చిన వేరొకరి దగ్గర గానీ ఉండాలని ఉంటుంది. మీ సమస్యకు జవాబు ఈ రెండో వాక్యంలోనే ఉంది. వీసా స్టాంపింగ్ కోసం మీరు ఇచ్చారు, అంతవరకు అది మీ అనుమతితో వాళ్ల దగ్గర ఉన్నట్టు. ఆ పని అయిపోయి, మీరు వెనక్కి అడిగిన తర్వాత ఆ అనుమతి లేనట్టే. జాయినింగ్ కాగితాల్లో ‘నా ఇష్టప్రకారమే ఇస్తున్నాను’ అని సంతకం చేయించుకుని ఉంటే భయపడకండి. ఇచ్చిన అనుమతిని మీరు రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు.

పాస్‌పోర్ట్‌ను జప్తు చేసి ఉంచుకునే అధికారం 1967 నాటి పాస్‌పోర్ట్ చట్టం పదో సెక్షన్ ప్రకారం పాస్‌పోర్ట్ అధికారులది. సురేశ్ నందా కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది. సోదాలో దొరికిన పాస్‌పోర్ట్‌ను పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు గానీ తమ దగ్గరే అట్టిపెట్టుకోవడం కుదరదు, దానికి పాస్‌పోర్ట్ అధికారికి రాయాలి అంది. ఆ కేసులో సీబీఐ దగ్గరున్న పాస్‌పోర్ట్‌ను తిరిగి ఇచ్చేయమంది. సీబీఐకే లేని అధికారం మన హెచ్‌ఆర్ మేనేజర్‌కు ఎక్కడి నుంచి వస్తుంది? బాండ్ సంగతి వేరు. మధ్యలో మానేస్తే డబ్బు రావాలని వాళ్లనుకుంటే కోర్టుకు వెళ్లి అడుక్కోవాలి. పాస్‌పోర్ట్ కుదువ పెట్టుకునే నగ కాదు.

మా కంపెనీ మమ్మల్ని ట్రైనింగ్‌కి మలేషియా పంపింది. తిరిగొచ్చి చెన్నై ఎయిర్‌పోర్ట్‌లో దిగగానే అడ్మిన్ అతను అందరి పాస్‌పోర్ట్‌లూ వసూలు చేసి, ఒక్కోదాన్ని ఖాకీ కవర్లో పెట్టి, పైన ఉద్యోగి నంబర్ స్కెచ్ పెన్నుతో రాసుకున్నాడు. అవి వెళ్లి అకౌంట్స్ గదిలో ఇనుప బీరువాలో పడ్డాయి. కొన్నాళ్లకు నాది గడువు దగ్గరపడింది. రెన్యువల్‌కి తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లాలంటే పాత బుక్కు ఒరిజినల్ తీసుకెళ్లాలి. అడిగితే తాళాలు మేడమ్ దగ్గర ఉన్నాయన్నారు. మేడమ్ వచ్చాక సార్ సంతకం కావాలన్నారు. నోటితో ఎన్నిసార్లు అడిగినా ఇదే తంతు.

అప్పుడు ఒక మెయిల్ రాశాను. ఏ తేదీన, ఎవరి చేతికి, ఏ పని కోసం ఇచ్చానో రాసి, ఆ పని పూర్తయింది కాబట్టి నా అనుమతి వెనక్కి తీసుకుంటున్నానని, ఫలానా తేదీలోగా ఇవ్వమని, ఇవ్వలేకపోతే ఏ చట్టం ప్రకారం ఉంచుకున్నారో రాతలో చెప్పమని అడిగాను. ఒక్క గరుకు మాట లేదు. హెచ్‌ఆర్ పైవాళ్లకు కూడా కాపీ పెట్టాను. వారం తిరక్కుండానే కవర్ నా చేతికొచ్చింది. ‘ఏ చట్టం ప్రకారం’ అన్న ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ జవాబు రాలేదు. మీరూ గొడవకు దిగకుండా మొదట ఇదే చేయండి. మెయిల్‌కి కదలకపోతే లాయర్ నోటీసు, పోలీస్ స్టేషన్లో రాతపూర్వక ఫిర్యాదు. పాస్‌పోర్ట్ ఆఫీసుకూ ఒక కాపీ పంపండి.

అసలు పాస్‌పోర్ట్ ఉండటం హక్కేనా అని కూడా అడిగారు. విదేశం వెళ్లే స్వేచ్ఛ రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని 1967లో సత్వంత్ సింగ్ కేసులో, మళ్లీ 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హద్దుల్లేని హక్కు మాత్రం కాదు. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే నిరాకరించవచ్చు. అలా ఆపేది కూడా చట్టంలో ఉన్న కారణంతో పాస్‌పోర్ట్ అధికారే తప్ప యజమాని కాదు. ప్రభుత్వ ఉద్యోగులకు పద్ధతి కొంచెం వేరు. మా వదిన గవర్నమెంట్ టీచర్. ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదని శాఖ ఇచ్చే పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరగకుండా, పాస్‌పోర్ట్‌కి అప్లై చేస్తున్నానని శాఖకు ముందుగా తెలియజేసే లేఖ ఇచ్చి, దాని కాపీ జతచేసి తీసుకుంది. దేశం దాటడానికి శాఖ అనుమతి మళ్లీ వేరే.

మన పీలేరు, కలికిరి వైపు నుంచి కువైట్ వెళ్లేవాళ్ల ఇళ్లలో ఇది చదువుతుంటే ఒక మాట. ఇళ్లలో పనిచేసేవాళ్ల కోసం కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం, పనివాళ్ల ఒప్పుకోలు లేకుండా యజమాని పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోకూడదు. చట్టం ఉన్నా తీసేసుకునేవాళ్లు అక్కడా ఉన్నారు. అందుకే బయల్దేరే ముందే పాస్‌పోర్ట్, వీసా పేజీల ఫొటోలు ఇంట్లో ఒకరి ఫోన్లో ఉంచండి. పాస్‌పోర్ట్ చేతిలో లేక ఇరుక్కుపోతే మన ఎంబసీ ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇవ్వగలదు. ఆ ఫొటోలుంటే మీరెవరో తేల్చడం వాళ్లకు సులువవుతుంది.

మీ కంపెనీవాళ్లు ఒకవేళ ‘ఎక్కడో పోయింది’ అంటే ఆ మాట తప్పకుండా రాతలో తీసుకోండి. పోయిన పాస్‌పోర్ట్ బదులు కొత్తది తీసుకోవాలంటే ముందు పోలీసు ఫిర్యాదు కావాలి. 36 పేజీల బుక్కుకి మామూలు ఫీజు 1500 అయితే, పోయినదాని బదులు తీసుకునేదానికి 3000. అది కంపెనీనే కట్టమని అదే మెయిల్లో అడగండి.