పాట పాడగలుగుతున్నాను, ప్రార్థన రావడం లేదు

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 38. మా సంఘంలో గాయక బృందాన్ని నడిపిస్తాను. ఎనిమిది నెలల క్రితం అమ్మ క్యాన్సర్‌తో ప్రభువునందు నిద్రించింది. ఆమె కోసం సంఘమంతా నలభై రోజులు ఉపవాస ప్రార్థన చేసింది. అప్పటి నుంచి మోకరిస్తే నాకు ఒక్క మాట రాదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చిన కాలం నుంచీ మాది విశ్వాసుల కుటుంబమని ఇంట్లో గర్వంగా చెప్పుకుంటాం. నేనేమో ఆదివారం నటిస్తున్నాను. సంఘ పెద్ద ఒకరికి చెప్పుకుంటే "నీ విశ్వాసం తగ్గింది, పట్టుదలగా ప్రార్థించు" అన్నారు. మరుసటి వారం గృహకూడికలో నా పేరు ప్రార్థన అంశంగా చదివారు! నా భార్యకు ఏమీ చెప్పలేదు. ఈ మధ్య ఆమె కూడా బైబిలు ఒళ్ళో పెట్టుకుని తెరవకుండా కూర్చుంటోంది. విజయవాడలో చిన్ననాటి మిత్రుడు ఉన్నాడు, కానీ అతను ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్). ఏమి చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ గృహకూడిక దగ్గర ఆగిపోయాను. మన సంఘాల్లో ఇదొక పాత జబ్బు. "ఫలానా వారి అబ్బాయి కోసం ప్రార్థించండమ్మా" అని మొదలవుతుంది, టీ గ్లాసులు వచ్చేసరికి ఆ అబ్బాయి ఇంటి గుట్టంతా చాపమీద ఉంటుంది. నమ్మి చెప్పిన మాట అలా బజారున పడితే ఎవరైనా నోరు కట్టుకుంటారు. అందులో మీ తప్పు లేదు.

విశ్వాసం తగ్గిందన్న పెద్దాయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లికి నేనూ అలాంటి మాటే చెప్పాను. ఆమె తల ఊపి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. నలభై రోజులు అడిగి, అడిగినది దొరకని కొడుకు దేవుడి దగ్గర మూగబోతే దాన్ని నేను అలక అంటాను. ఎదుట ఎవరూ లేరనుకునేవాడు అలగడు కదా. 88వ కీర్తన తీసి చూడండి. స్నేహితులు దూరమయ్యారని, చీకటే బంధువర్గమైందని మొరపెట్టి అక్కడే ముగుస్తుంది. చివర ఓదార్పు వాక్యం ఒక్కటీ లేదు. అయినా దాన్ని ఎవరూ బైబిల్లోంచి తీసివేయలేదు.

మీరు లూథరన్లు కాబట్టి ఇంకొకటి. తన పిల్లలకు చదువు చెప్పే జెరోమ్ వెల్లర్ దిగులులో కూరుకుపోతే 1530లో మీ సంఘాల మూలపురుషుడు మార్టిన్ లూథర్ అతనికి ఉత్తరం రాశాడు. ఒంటరిగా ఉండవద్దు, మనుషుల మధ్యకు వెళ్ళు, నవ్వులాటల్లో పడు అన్నది అందులోని సలహా. ఆ దిగులు రుచి లూథర్‌కు స్వయంగా తెలుసు.

అయితే మనుషులంటే సంఘమంతా కానక్కరలేదు. పక్షవాతం వచ్చినవాణ్ణి మంచంతో సహా మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ముందు దించినవారు నలుగురే. ఆయన వారి విశ్వాసం చూశాడని మార్కు రాశాడు. మంచం మీదివాడు ఏమైనా ప్రార్థించాడో లేదో ఒక్క ముక్క రాయలేదు. మీకు నలుగురు కూడా వద్దు, ఇద్దరు చాలు.

మొదటి మనిషి మీ ఇంట్లోనే ఉంది. అత్తగారికి నెలల తరబడి మందులు వేసి, పక్క మార్చిన ఆమెకు దుఃఖం ఉండదా? ఆ తెరవని బైబిలు మీకేమీ చెప్పలేదా? మీ విశ్వాసం చూసి ఆమె, ఆమె ఓర్పు చూసి మీరు, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటున్నారని నా అనుమానం. ఈ రాత్రే "నాకు ప్రార్థన రావడం లేదు, నీకు వస్తోందా?" అని అడగండి. వెంటనే కలిసి మోకరించాలని పట్టుబట్టకండి. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి.

రెండో మనిషి విజయవాడ మిత్రుడు. ఆర్‌సీఎం అయితే ఏమిటండీ? మీ సంఘంలో ఎవరితోనూ సంబంధం లేకపోవడమే ఇక్కడ అతని గొప్ప అర్హత. పైగా పాపసంకీర్తనం (గురువు దగ్గర రహస్యంగా పాపాలు ఒప్పుకోవడం) అలవాటున్న ఇంట్లో పెరిగినవాడికి చెవిన పడింది కడుపులో దాచుకోవడం తెలిసే ఉంటుంది. ముందే స్పష్టంగా చెప్పండి: "జవాబు వద్దు, వాక్యాలు వద్దు, ఎవరికీ చెప్పవద్దు. నేను ప్రార్థించలేని రోజుల్లో నా బదులు నువ్వు ప్రార్థించు." వారానికి ఒక్క ఫోను చాలు. అతని బాధలు కూడా అడగండి, అప్పుడే మీకు చెప్పుకునే చనువు నిలుస్తుంది.

పాట మానకండి. పదిమంది గొంతులో గొంతు కలపడం నటన కాదు, ఆ పదిమందీ మిమ్మల్ని మోస్తున్నారు. సాక్ష్యాలు, ప్రార్థన నడిపించడం మాత్రం కొన్నాళ్ళు వద్దు. "ఇంట్లో దుఃఖం ఇంకా తీరలేదు అయ్యగారూ" అని పాస్టరుగారికి ఒక్క ముక్క చెబితే చాలు. కారణాల చిట్టా ఇవ్వనక్కరలేదు.

నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. అవి వారాలుగా తప్పి ఉంటే, చచ్చిపోతే బాగుండుననే ఆలోచన ఒక్కసారి వచ్చినా, మిత్రుడితో ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళడం విశ్వాసానికి వ్యతిరేకమని ఎవరైనా అంటే, అమ్మను క్యాన్సర్ డాక్టరుకు చూపించలేదా అని అడగండి.

విజయవాడ గంట ప్రయాణమే. మీ మిత్రుణ్ణి గుణదల మేరీమాత కొండకు తీసుకెళ్ళమనండి. ఫిబ్రవరి తిరునాళ్ళ రోజుల్లో కాకుండా, జనం లేని ఒక ఉదయం. మెట్లెక్కేటప్పుడు ఆయాసానికి ఇద్దరూ ఎక్కువ మాట్లాడలేరు, అదీ మంచిదే.