ఇంట్లో ఉంటున్న స్నేహితుడు 'డిపెండెంట్' అవుతాడా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో హెచ్1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. మా ఊరి స్నేహితుడొకడు 2024 నుంచి వాడింట్లోనే ఉంటున్నాడు. ఖర్చంతా మావాడిదే. 2025 ట్యాక్స్‌లో అతణ్ని 'డిపెండెంట్'గా, అంటే మావాడి పోషణలో ఉన్న వ్యక్తిగా చూపొచ్చా?
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: చుట్టరికం లేకపోయినా చూపొచ్చు, కానీ ఏడాది పొడవునా ఒకే ఇంట్లో ఉండాలి. ఫిబ్రవరిలో వచ్చి చేరినా ఆ ఏడాదికి కుదరదు. 2025లో అతని స్థూల ఆదాయం 5,200 డాలర్లలోపే ఉండాలి. పోషణలో సగానికి మించి మీవాడు భరించాలి. ఈ లెక్కే చాలామంది తప్పుతారు: స్నేహితుడు తన పొదుపులోంచి పెట్టుకున్న ఖర్చు, నల్లగొండ బ్యాంకులో తెచ్చిన చదువు అప్పుతో కట్టిన ఫీజు అతని వంతులోకే వెళతాయి. అద్దె, తిండి, వైద్యం రసీదులు దాచమనండి.

అసలు చిక్కు వీసాది. ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవారు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలూ పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్లే (అమెరికా నివాసులు కానివారే), వాళ్లను డిపెండెంట్‌గా చూపడానికి వీల్లేదు. ఎంఎస్‌కని వెళ్లిన మన పిల్లల దగ్గర ముందు అడగాల్సింది ఇదే.

అన్నీ కుదిరితే దక్కేది మహా అయితే 500 డాలర్ల క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో తగ్గింపు. దానికీ స్నేహితుడికి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) గానీ ఐటిన్ (అది లేనివారికి ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు) గానీ ఉండాలి. అతణ్ని చూపి 'హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్' (పన్ను తగ్గే ఇంటి పెద్ద) హోదా మాత్రం తీసుకోకూడదు.